గేజి

ఏప్రిల్ ఇరవైన కాలవలు కట్టేశారు.
మున్సిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు.
భీమవరంలో మా అపార్ట్‌మెంటుకి
నాలుగంతస్తులు, పదహారు వాటాలు.
బోరు వేస్తే ఉప్పు.
ఊరి చుట్టూ రొయ్యల చెరువులు.
వాటిల్లో తిరిగే ఏరేటర్ల చప్పుడు
రాత్రంతా వాన కురుస్తున్నట్టే ఉంటుంది,
కురవదు.

ఆదివారం సాయంత్రం సమావేశం పెట్టాను.
సంఘం కార్యదర్శిని కదా,
తెర కట్టి బొమ్మలు చూపించాను.
నెర్రెలిచ్చిన నేల, ఎండిన కుళాయి,
చివర్లో ఓ పచ్చటి ఆకు.
అందరికీ సమోసా, అరలీటరు నీళ్ళ సీసా.
చప్పట్లు కొట్టారు.
నూట నాలుగులో ఉండే సుందర్రామరాజు గారు
"చాలా బాగా చెప్పారండి" అని
సగం తాగిన సీసా కుర్చీ కింద పెట్టి
లిఫ్టెక్కారు.

కుర్చీలు మడతపెట్టడానికి వచ్చాడు ఏసుపాదం.
మా వాచ్‌మన్.
అంతకు ముందు ముప్పై రెండేళ్ళు లాకు మీద లస్కరు.
ఒక్కో సీసా మూత తిప్పి
బిందెలోకి వంపుతున్నాడు.
నేను వైర్లు చుట్టుకుంటున్నాను.
"బిందెకి బెత్తెడు తక్కువండి" అన్నాడు,
పై ఆఫీసుకి లెక్క అప్పజెప్పే గొంతుతో.
అంతే.
ఆ నీళ్ళు మొక్కలకి పోశాడో, తాగాడో
నేను అడగలేదు.

మర్నాటికి సంపు గోడకి తెల్లరంగు,
దాని మీద నల్లగీతలు, అడుగులూ అంగుళాలూ.
మెట్ల పక్కన ఒక పలక.
ఉదయం ఆరుకి 4–2. సాయంత్రం ఆరుకి 1–7.
"ఇదేంటి ఏసుపాదం?"
"గేజండి.
కనపడని నీళ్ళు ఎవడివో అనుకుంటామండి."

మొదటి వారం ఎవరూ చూడలేదు.
రెండో వారం మూడో అంతస్తు ప్రణవి,
సెలవుల్లో ఏమీ తోచక,
అతని చెయ్యి పట్టుకుని సంపులోకి తొంగిచూడడం మరిగింది.
"సార్వాకి ఒక లెక్క, దాళ్వాకి ఒక లెక్కమ్మా.
దాళ్వాలో వంతులు.
పై ఊరోళ్ళు తూము ఎత్తేస్తే
శివారు చేను చచ్చిపోద్ది.
మీ ఇల్లు పై ఊరా, శివారా?"
ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది.
"నీళ్ళు వాడేటప్పుడు పై ఊరు.
మోటారు ఆగిపోతే శివారు."
"ఆయ్" అన్నాడు.

మే నెల్లో గొడవలయ్యాయి.
పలక ఎవరో రెండుసార్లు తుడిచేశారు.
కారు కడగొద్దన్నాడని ఒకరు,
వాచ్‌మన్ మనకి పాఠం చెప్పడమేంటని ఇంకొకరు
గ్రూపులో రాశారు.
నేను జవాబివ్వలేదు.
ఇవ్వాల్సింది.
అతను మళ్ళీ రాశాడు, అదే సుద్దముక్కతో,
కొంచెం పెద్ద అంకెలు.

ఆ రాత్రి వంటింట్లో
మా నీళ్ళ మిషన్ వదిలేసే సన్న పైపు
సింకులోంచి తీసి బకెట్‌లో పెట్టాను.
ఆరేళ్ళుగా వింటున్న చప్పుడే.
చెంబుడు మంచినీళ్ళు పట్టేలోపు
బకెట్ సగానికొచ్చింది.
దాని ముందు గొంతుకూర్చుని
చాలాసేపు లేవలేదు.
నా తెర మీద బొమ్మల్లో
ఈ బకెట్ ఎందుకు లేదు?

జూన్‌లో కాలవలు వదిలారు.
ఏసుపాదం పూట సెలవడిగి గట్టుకి వెళ్ళొచ్చాడు.
"ఎలా ఉంది?" అన్నాను.
"ముందు సీసాలూ కవర్లూ గట్రా వచ్చాయండి.
బాగా సేపు.
వాటెనకాల నీళ్ళు."

సంపు నిండింది. ఇప్పుడెవరికీ కరువు లేదు.
పలక తీసేద్దామన్నారు రాజుగారు,
పెళ్ళివాళ్ళొస్తున్నారు, బాగోదని.
ప్రణవి ఒప్పుకోలేదు.
ఇవాళ్టి అంకె ఆ పిల్లే రాసింది, ఆరు అడుగులు,
ఆరు తిరగేసి ఉంది.

నిన్న రాత్రి పళ్ళు తోముకుంటూ
కుళాయి వదిలేసి ఏదో ఆలోచిస్తున్నాను.
కింద ఎవరో దగ్గారు.
ఏసుపాదం కాదేమో.
అయినా కట్టేశాను.