శాంపిల్ నంబరు లేని సీసా

తోతాపురి గుజ్జును
రోజుకు అరవైసార్లు నాలుక మీద పెట్టుకొని
పులుపెంత, తీపెంత, పీచెంత అని
రిజిస్టరు నింపేదాన్ని నేను.
పంతొమ్మిది సీజన్లుగా ఇదే పని,
చిత్తూరు దాటినాక బంగారుపాళెం రోడ్డులో.

సరుకు చూసిపోను వచ్చిన ఫ్రాన్సాయన
పోతా పోతా నా బల్ల మీద సీసా ఒకటి పెట్టిపోయినాడు.
వాళ్ళ దక్షిణాదిదంట. మాది మాదిరే ఎండల సీమంట.
మూడు ద్రాక్షల కలగలుపంట.
కలగలుపు నాకు కొత్తా?
వాన పడి చప్పబడిన తోతాపురికి
నీలం ఇంత, బేనీషా ఇంత చేర్చి
నిలబెట్టిన చెయ్యి ఇది.

అట్ట మీది పేర్లు కూడబలుక్కున్నాడు బాయిలరు చెంగల్రాయుడు:
గ్రెనాష్. కారిన్యాన్. సిరా.
"సిరా అంటే పెన్నులో పోసేదే కదక్కా!"

ఆదివారం. మిషన్లు కడిగి ఆరబెట్టినారు.
తడి గోనెపట్టా చుట్టి
తొట్టి పక్కన గంటసేపు పండబెట్టినాం సీసాను,
జ్వరమొచ్చిన బిడ్డను పండబెట్టినట్టు.
బిరడాకు మర ఒకటి బిగించి
కటింగ్ ప్లేయరుతో పీకినాడు చెంగల్రాయుడు.
గ్లాసులు లేవు. ల్యాబు బీకర్లో పోసినా,
యాభై మిల్లీల గీత దాకా.

నిజంగా సిరానే.
వెలుతురుకు ఎత్తితే అంచున మాత్రం
నేరేడుపండు తిన్న పిల్లోడి నాలుక.

ముక్కుకు ముందు మిరియం తగిలింది.
ఆ వెనకాల ఎండిన నేరేడు,
ఆ వెనకాల ఇంకేదో, చాలాసేపు పట్టుకోలేకపోయినా...
మొగిలి కనుమలో మేకలు తొక్కిపోయిన
ఎండుగడ్డి, అడివి తులసి, వేడెక్కిన బండ.
ఆయన దేశం గుట్టల్లో కూడా మేకలుంటాయేమో.

మింగలేదు. రుచి చూసి ఉమ్మేయడం నా ఉద్యోగం.
నాలుకను రెండు పక్కలా గట్టిగా పట్టేసింది
కలేకాయ కొరికినట్టు,
లేత మామిడి జీడి చప్పరించినట్టు.
ఆయన చేతులు తిప్పి, బుగ్గలు లోపలికి పీల్చి
చెప్పలేక చెప్పిందానికి
మాకు మూడక్షరాల మాట ఉంది.
వగరు.

ఇంక దీనికి కూడేమిటి?
నాటుకోడి పులుసుతో తాగి చూస్తే
చింతపండు దాన్ని తుప్పుపట్టిన మొలను చేసింది.
ఊరిబిండి నంజుకుంటే
ఎండుమిరప మంట రెండింతలై చెవుల దాకా పాకింది.
బేనీషా ముక్క పక్కన
పాపం, పుల్లనీళ్ళయిపోయింది.
మా పండు ముందు ఎవురైనా అంతేనని
కాసేపు గర్వపడినాం.

క్యాంటీను మొగిలమ్మ గడప కాడే నిలబడి ఉండాది.
జన్మలో ముట్టింది లేదు.
"ఇట్లియ్యి మే" అని బీకరు తీసుకొని
ఒక్కసారి వాసన చూసింది,
పాలు విరిగినాయా లేదా అని చూసినట్టు.
"దీనికి పులుసు పనికిరాదు. మిరప్పొడి వద్దు.
మేక కార్జం ఉండాదా?"

కార్జం, దంచిన మిరియాలు, రవ్వంత కొవ్వు.
అడుగంటిన సంగటి గోకి తీసిన మాడు,
మాడు మీద నెయ్యి.

ఈసారి ఉమ్మలేదు.
వగరు పోయి కొవ్వును పట్టుకుంది, నన్ను వదిలేసింది.
మాడు చేదులో కనుమ బండ మళ్ళీ వేడెక్కింది.
పొద్దున్నించీ వాగుతా ఉన్న చెంగల్రాయుడు
నోరు మూసుకుని నమిలినాడు.

"ఎట్లుండాది?" అనింది.
చెప్పడానికి నా కాడ ఉండేవి అంకెలే:
బ్రిక్సు, యాసిడ్, పీచు.
"నువ్వూ ఒక చుక్క వేసుకో" అన్నా.
"వాసనతోనే వండేసినా కదా, ఇంకేంటికి" అని
బాండలి కడగను పోయింది.

సోమవారం రిజిస్టరులో
ఆఖరి గడి ఒకటి ఖాళీగా ఉంటే రాసినా:
వగరు ఉంది. కార్జంతో సరి. పరీక్షించినది మొగిలమ్మ.

ఖాళీ సీసా ఆమే తీసుకుపోయింది, చెనిక్కాయ నూనెకు.
మూడుసార్లు సీకాయతో తోమినా
మూత తీస్తే ఇంకా
మిరియం వాసనే అంట.