తరుగు

సుబేదారి కాలేజీ. రెండో సెమిస్టర్.
కొమురెల్లి సారు వంపుగీత కింద
సన్నటి పట్టీలు గీసుకుంట
"డీఎక్స్ ఎంత చిన్నదంటే
లేదనుకున్నా తప్పులేదు" అన్నడు.

నా చెయ్యి దానంతటదే లేచింది.

సార్, మా నాయిన ఆత్మకూరు నుంచి
ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెస్తడు.
క్వింటాలుకు రెండు కిలోల తరుగు.
కాంటా ముల్లు ఆగకముందే
"గింతే గదా, ఏం పోతది" అంటడు అడ్తిదారు.

క్లాసు నవ్వింది.
సారు నవ్వలే. డస్టర్ తీసి
మొదటి మాట తుడిపేసిండు.
సాగదీసిన ఎస్ గుర్తు మళ్ళా దిద్ది
దాని కాళ్ళకాడ సున్నా పెట్టి
"ఎన్నేండ్ల సంది?" అని అడిగిండు.

పందొమ్మిది, అన్న.
రాయబోయి ఆగిండు.
మొన్న శుక్రవారం గూడ తీసిన్రు సార్.

తలకాడ జాగ ఖాళీగనే ఉన్నది,
బెల్లు కొట్టేదాంక
సుద్ద సారు వేళ్ళ నడుమ అరుగుతనే ఉన్నది.