సున్నా శాతం

పాత ఆల్టో కొన్న.
కాజీపేట రైల్వే సారు అమ్మిండు.
పదేండ్ల బండి, పాలపిట్ట రంగు,
ఎడమ తలుపు మీద గోటితోని గీరినట్టు ఒక గీత.
తాళంచెవి చేతిల పెట్టుకుంట
"బిడ్డా, ఒక్క క్లెయిము లేదు. గీతంటవా,
అది మా ప్రహరీ గోడ చేసిన పని" అన్నడు.

నా లైసెన్సుకు ఇంకా నెల నిండలే.
బండి ఇన్సూరెన్సుకు వారమే ఉన్నది.

రాత్రి ఫోన్ల వెతికిన.
ఒక్కసారి నంబరు కొట్టినందుకే
తెల్లారేసరికి పదకొండు మంది నన్ను మేడమ్ అన్నరు.
ఒకాయన ఆరువేల నాలుగొందలు,
ఒకాయన ఐదువేల తొమ్మిదొందలు,
గొంతు అరిగిపోయిన ఒకామె
"ఈ రేటు ఇయ్యాల పన్నెండు దాకనే మేడమ్" అని
పొద్దుమీకినంక టమాటలమ్మేటాయన లెక్క తొందరవడ్డది.

నా జీతం పద్నాలుగు వేలు.
పొద్దుగాల ఊర్లు తిరిగి రక్తం తెచ్చే పని.
దామెర, ఊరుగొండ, ఆత్మకూరు:
ఇరవై మంది షుగరు ఒక ఐసు డబ్బాల.
బస్సు కోసం నిలవడితే ఐసు నిలవడదు.
అందుకు కొన్న కారు ఇది.
(కొంచెం షోకు కూడా. అబద్ధమెందుకు.)

నక్కలగుట్టల ఇరుకు మెట్లెక్కి
కొమురెల్లి సారు దగ్గరికి పోయిన.
బల్ల అద్దం కింద దేవుండ్లు, మనుమలు,
ప్రీమియం చార్టు, అందరూ ఒక్కకాడ.

"చవుకది కావాల్నా? థర్డ్ పార్టీ చేపియ్యి."
అంటే?
"నువ్వు ఎవరికన్న తాకిస్తే ఆళ్లకొస్తయి."
బండికి?
"బండికి రావు."
అంటే
నా నుంచి ఊరిని కాపాడుతందుకు ఒక రేటు.
ఊరి నుంచి నా బండిని కాపాడాల్నంటే
ఇంకో మూడువేలు.

మరి రైల్వే సారు బోనసు? సగం తగ్గుతదన్నడు గద?
"అది బండిది కాదమ్మా, మనిషిది.
ఆయన ఎంబడే పోతది.
నీది సున్నా శాతం."

మనిషిది.
ఆ మాట కాడ ఆగిపోయిన.

మా బాపు మొగిలి
ఇరవై ఏడేండ్లు ఏటూరునాగారం బస్సు నడిపిండు.
మేడారం జాతరల మనిషికి సందు లేనికాడ
బస్సును గాజుల బుట్ట లెక్క బయటికి తెచ్చిండు.
తాడ్వాయి అడివిల దుప్పిపిల్ల అడ్డమొస్తే
అది దాటేదాక లైట్లార్పి కూసున్నడు,
ఎనకనుంచి యాభై మంది తిట్టంగ.
ఒక్క కేసు లేదు, ఒక్క ఛార్జిమెమో లేదు.
రిటైరైన నాడు శాలువ కప్పి గోడ గడియారమిచ్చిన్రు.
గడియారం ఏడాదికే ఆగింది.
సొంత కారు ఎన్నడూ లేదు గనక
ఆయన బోనసు ఏ కాయితంల ఎక్కలే.

"సార్, మా బాపుది నాకు రాదా?"

కొమురెల్లి సారు నవ్వబోయి ఆగిండు.
కండ్లద్దాలు తీసి అంగీకి తుడిసిండు.
"ఫారంల గా కాలం లేదు బిడ్డా."

అటెనక బేరం.
సొట్టవడితే మొదటి రెండున్నర వేలు నేనే పెట్టుకుంటనన్న.
పాటల డబ్బాకు వద్దన్న.
"బండి ఇలువ లక్ష కాదు, తొంబై వేలని రాద్దామా?"
కింద ఎండల నిలవడ్డ ఆల్టోను
కిటికీలకెళ్లి చూసిన,
ఇనవడ్డదేమోనని.
రాయండి సార్, అన్న మెల్లగ.

ఐదువేల నూటపది.
రెండువేలు నోట్లు, మిగిలినయి ఫోన్ల.

"నామినీ?"
మొగిలి. తండ్రి. అరవై ఒకటి.
సారు రాసుకుంట రాసుకుంట
"ఏటూరునాగారం బస్సు మొగిలన్ననా?" అన్నడు.
నూటపది వాపసిచ్చిండు.

ఆ మాపటికి బాపును ఎక్కించుకొని
ములుగు రోడ్డు దాక పోయిన.
ఏమన్లే. గేరు తప్పినా ఏమన్లే.
ఆరెపల్లి కాడ బర్రె అడ్డమొచ్చినప్పుడు
నాకంటే ముందు
ఆయన కుడికాలు, అక్కడ లేని బ్రేకును తొక్కింది.

వారమైంది.
ఎడమ సీటు కింద కొత్త రబ్బరు మ్యాటు
అప్పుడే ఒక్కకాడ అరుగుతున్నది.