అడక్కముందే

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
నాకు జీతమిచ్చేది
అడక్కముందే పెట్టడానికి.

పెరంబూరు, బ్యారక్స్ రోడ్డు వైపు, మూడో అంతస్తు.
కింద జిరాక్స్ షాపు షట్టరు దించిన చప్పుడయ్యాక
జాబితాలు తెరుస్తాను.
ఒకటి బడికి, ఒకటి ఆఫీసుకి, ఒకటి సర్వర్‌కి,
ఇంకోటి కాలం చెల్లిన కంప్యూటర్లకి.
దాన్ని మేం ముద్దుగా బక్కది అంటాం.
లైనుకో ప్యాకేజీ పేరు.
పేరు ముందు ఏ గుర్తూ లేకపోతే అది వచ్చి తీరుతుంది.
హాష్ గుర్తు పడితే
ఉన్నా లేనట్టే.

ఇళంపరిది లెక్కల మనిషి.
"నాలుగు జీబీ పెన్ డ్రైవ్‌లో పట్టాలి,
పట్టకపోతే బక్కదే కాదు" అంటాడు.
రిచ్చీ స్ట్రీట్‌లో కొన్న పెన్ డ్రైవ్ మీద
నాలుగని రాసుంటుంది,
మూడున్నర పట్టిందంటే అదృష్టం.

కాబట్టి కోత.
చదరంగం తీశాం, ఎవరూ ఏమీ అనలేదు.
రెండు బ్రౌజర్లలో ఏది ఉండాలన్న దానికి
రెండు వారాలు, లెక్కలేనన్ని కాఫీలు.
జోసెఫిన్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
ఆరు తెలుగు ఫాంట్లలో రెండు ఉంచాను.
ఏ రెండో చెప్పను,
మిగిలిన నాలుగూ గీసినవాళ్ళు
ఎప్పుడో ఎదురుపడతారు.

అయినా ముప్ఫై అయిదు ఎంబీ ఎక్కువే.
సాయంత్రం ఆరున్నర. వాన పడేలా ఉంది. నాకు ఆకలి.
తెరమీది అక్షరాలు చదివి వినిపించే గొంతు
సరిగ్గా ముప్ఫై ఎనిమిది.
హాష్ పెట్టాను.
"కావలసినవాళ్ళు తర్వాత వేసుకుంటారు"
అని పక్కన కారణం రాసి,
కిందికెళ్ళి మసాలా వడలు తిన్నాను.

పదకొండు రోజులకి ఫోన్,
కొరుక్కుపేట నుంచి ధనకోటి గారు.
రైల్వే ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు
నంబర్లని వేళ్ళతో, మనుషుల్ని గొంతులతో
పోల్చుకున్న మనిషి.
కోపమేం లేదు.
"ఏమ్మా, ఈ కొత్తది మూగదా?"

దానిదేముందండీ,
మెనూలో ఎడమవైపు, సెట్టింగుల్లో, మూడోది
అనబోయి ఆగాను.
గొంతు వేసుకోవాలంటే మెనూ కనపడాలి.
మెనూ తెలియాలంటే గొంతుండాలి.
తాళంచెవి లోపల పెట్టి
తలుపు లాగేసింది నేనే.

ఫోన్లో ఆయన వెనక గూడ్సు బండి పోతోంది,
ఎంతకీ అయిపోని గూడ్సు బండి.
అది పోయాక,
"పక్కింటి పిల్లాడు బడి నుంచి రానీ,
వాడితో వేయించుకుంటాలే" అన్నారు,
నన్నే ఓదారుస్తున్నట్టు.

ఆ పిల్లాడి పేరు మా ఏ జాబితాలోనూ లేదు.
అయినా ఆ రోజు
వాడిమీద ఆధారపడే
నా లెక్క సరిపోయింది.

రాత్రి మళ్ళీ ఫైలు.
"వేసుకుంటారు"
ఎంత తేలికైన క్రియ,
బరువంతా అవతలివాళ్ళ నెత్తికెత్తి
చేతులు దులుపుకునే క్రియ.
ఎంచుకోవడం తెలిసినవాళ్ళకి మాతో పనే లేదు,
మొదటి గంటలోనే సగం పీకేసి
తమకి నచ్చినవి దింపుకుంటారు.
పెట్టింది పెట్టినట్టు తీసుకునేవాళ్ళ కోసమే కదా
ఈ జాబితా, ఈ జీతం.

హాష్ చెరిపాను.
మళ్ళీ ముప్ఫై అయిదు ఎక్కువ.
పొద్దున్నే ఇళంపరిది అడుగుతాడు,
మరి దేన్ని తీశావని.

వాల్‌పేపర్లు పన్నెండున్నాయి.
కాశిమేడు రేవులో తెల్లవారు జామున
వలలూ పడవలూ, చేపల తట్టల మీద మంచు,
నేనే నిలబడి తీసిన ఫోటోలు.
ఒక్కోటీ మూడు ఎంబీ.
పదకొండు తీసేశాను.
ఒకటి మాత్రం చేతులు రాలేదు.

ఇంకా రెండు ఎంబీ ఎక్కువే ఉంది.
దాని సంగతి పొద్దున్న చూడాలి.