తడిలో పట్టు

పంతొమ్మిదేళ్లు ఆమె చేతికి పనిముట్లు అందించాను.
అడగకముందే అందించేదాన్ని.
సబేలా ఔతెయ్‌రిన్యో.
వీగో ఆసుపత్రిలో కాలేయం మీద కత్తి పెట్టాలంటే
ఆమె తర్వాతే ఎవరైనా.

ఆ రాత్రి బల్లమీద ఒక చేపల పడవ మనిషి.
ఇనపతాడు తెగి పొట్టమీద కొట్టిందట.
సూది గుచ్చితే జున్నులో గుచ్చినట్టే,
బిగిస్తే కుట్టే కోసుకుపోయింది.
తడిసిన గుడ్డలు లెక్కపెడుతూ
నలభై ఒకటి దగ్గర నేను ఆపేశాను.
ఆమె ఆపలేదు.

తెల్లారాక ఇంటికి పోలేదు.
వానలో వాళ్ల పిన్ని తెప్ప దగ్గరికి పోయింది,
తాళ్లకు నల్ల ఆల్చిప్పలు పెంచే తెప్ప.
ఒక్క చిప్పతో పెనుగులాడి
గోరు ఊడగొట్టుకుని వచ్చింది.
"ఉప్పునీళ్లలో, అన్ని అలల్లో,
ఇది ఎలా అంటుకుని ఉంటోంది చెప్పు దోరిందా?"
నాకేం తెలుసు. అయోడిన్ రాశాను.

మార్చిలో రాజీనామా.
కత్తి పట్టిన చేతికి చిట్టాపద్దులేమిటన్నాడు పెద్ద డాక్టరు.
చేపల డబ్బాల పాత గోదాములో
చదువు అప్పుడే ముగిసిన నలుగురు పిల్లలు,
అరువు తెచ్చిన మైక్రోస్కోపు,
ఎంత కడిగినా పోని సార్డీన్ వాసన.
మాద్రిద్ పెట్టుబడిదారులు
ముక్కు మూసుకుని సంతకాలు పెట్టారు.
కుందేళ్లు చచ్చాయి. తర్వాత డబ్బు చచ్చింది.
ఫ్లాటు అమ్మేసింది.
జీతాల రోజు ముందర నాకు ఫోను చేసి
ఏమీ అడక్కుండా
వాన గురించి మాట్లాడేది.

మీటింగుల్లో బల్లకింద సొరుగు పిడికి
పట్టుదారంతో ముడులు వేస్తుండేదట, ఒంటిచేత్తో.
ఆమెను తీసెయ్యడానికి అందరూ చేతులెత్తిన రోజూ
ఆ చెయ్యి మాత్రం కిందే ఉందట.
మర్నాడు ఊడ్చే మనిషి
పిడికి వేలాడే నల్లటి జడను చూసి
ఎవరి జుట్టో అనుకుని కత్తిరించిందట.

మొన్న మంగళవారం, మూడో థియేటర్లో
ఒక బడిపిల్ల. సైకిల్ హ్యాండిలు గుచ్చుకుంది.
కుర్ర సర్జను చెయ్యి చాపాడు.
అడగకముందే అందించాను,
చిటికెనవేలంత గొట్టం.
పెట్టెమీద కొనుక్కున్న కంపెనీ పేరు, గడువు తేదీ,
ఎండలో ఉంచరాదన్న బొమ్మ.
ఆమె పేరు లేదు. తిప్పి తిప్పి వెతికాను.

గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.
ఇరవై. ముప్పై.
నెత్తురు ఒకసారి ఉబ్బి,
ఆలోచించుకుని,
ఆగింది.

డ్యూటీ దిగి ఫోను చేశాను.
"ఇవాళ వాడాం" అన్నాను.
"పట్టిందా?"
"తడిలోనే."
చాలాసేపు అవతల ఏమీ లేదు.
తర్వాత,
అక్కడ వాన పడుతోందా అని అడిగింది.