పేరు లేని తునుక

సమ్మతి పత్రం మూడో పేరా
చదివి వినిపించాలె, అది నా డ్యూటీ.
"మీ క్లోమంలో వాపు..." కాడనే ఆపిండు తుల్జారాం.
"క్లోమమంటే ఏంది మేడం?"

నకిరేకల్ అంగట్ల ముప్పై ఏండ్లు మేకలు కోసినోడు.
కార్జం తెలుసు, తిల్లి తెలుసు, గుర్దాలు తెలుసు,
బోటి ఎన్ని మూరలో కండ్లు మూసుకొని చెప్తడు.
కాగితం ఎనుక బొమ్మ గీసిన:
పొట్ట చాటుకు, పేగు ఒంపుల తల పెట్టుకొని పండినట్టు.
చానాసేపు చూసిండు.
"ఓ, గదా! తెల్లగ, పలుకులు పలుకులుగ ఉంటది.
దానికి మా తాన పేరు లేదు.
ఎవ్వలు కొనరు. కుక్కలకేస్తం."

నవ్వబోయి, ముందుకు వంగిండు.
ఈ నొప్పికి వంగుడొక్కటే ఆసరా అని
ఎవ్వలు చెప్పకముందే ఒళ్లు నేర్చుకుంటది.
పదికి ఎంత నొప్పి అని అడిగిన. అడగాలె.
మంచం పట్టె ఇడువకుండ వేళ్లు చూపిండు.
తొమ్మిది.

పక్క వార్డుల రమావత్ చాందీ, దేవరకొండ అవుతల.
కండ్లు పసుపు.
ఊరి పేరు చివర తండా అని ఉండంగనే
మొదటి చీటి మీద ఎవరో రాసి పెట్టిండ్రు:
గుడుంబా అలవాటు.
ఆమె ఏనాడూ ముట్టలేదు.
రెండేండ్లు పసర్లు తాగింది, ముంజేతుల మీద వాతలు.
ఆఖరికి సూదిల ఇరికిన దారమంత కార్జం
అసలు సంగతి చెప్పింది.
"ఒంట్ల కావలి ఉన్నోడే ఇల్లు తవ్వుతున్నడమ్మా."
"వానికి నేనేం తక్కువ జేసిన?"
"తెలవదు. అందుకే నీ నెత్తురు అడుగుతున్నం."
ఇంత నిజం నేను రోజూ చెప్పను.

వేలిముద్ర వేసి, సిరా గోడకు రాసింది.
"ముందుగాల ఆ గుడుంబా కొట్టెయ్ బిడ్డా."
కొట్టేసిన. ఒక్కటే గీత, పక్కన సంతకం, తేదీ.
కొట్టేసిన మాట కింద కనబడుతనే ఉండాలె.
అది రూలు.
ఆమెకు చదువు రాదు, చెప్పలేదు.

నల్లగొండ బస్టాండుల నాలుగు దాటింది.
ఐసు డబ్బా ఒళ్లె పెట్టుకొని కూసున్న.
"చేపలా మేడం?" కండక్టరు.
నలభై ఒకటి, నలభై రెండు
చల్లగ మోకాళ్లకు తగులుతున్నయి.
నార్కట్‌పల్లి దాటినంక, ఎవ్వలు చూస్తలేరని
రెండు వేళ్లతోటి డొక్క నొక్కి
ఆ పేరు లేనిదాన్ని ఎతికిన.
దొరకలే.
నొవ్వనోళ్లకు అది దొరకదు.