నీళ్ళలో అని ఎవరన్నారు

గోండర్‌లో కరెంటు పోయినప్పుడల్లా
ఇంక్యుబేటర్‌కి దుప్పటి కప్పుతాను,
చలిజ్వరమొచ్చిన పిల్లకి కప్పినట్టు.
లోపల మూత బిగించిన జాడీలో
మెల్లగా పెరుగుతున్నది
నా చెంప మీంచి దిగినదే.

దూదిపుల్లతో నేనే తీశాను, అద్దంలో చూసుకుంటూ.
నమూనా ఇచ్చినవాళ్ళలో నాది ఏడో నంబరు.
పేర్లు రాయకూడదు. మంచిదే అయింది.
వుబాలెమ్ అంటే మా భాషలో లోకానికే అందం.
బళ్ళో హాజరు పిలిచినప్పుడల్లా
వెనక బెంచీలో ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు.

ఈ జీవికి గాలి గిట్టదు.
చర్మం కింద నూనెబావిలో, చీకట్లో
దాని కాపురం.
అందరి ముఖాల్లోనూ ఉంటుంది, అద్దె కట్టకుండా,
చాలామంది ఇళ్ళలో చప్పుడైనా చెయ్యదు.
కొందరికే గోడలు ఎర్రబడి ఉబ్బుతాయి.
ఎందుకు కొందరికే అని
పదమూడో ఏట అమ్మను అడిగాను.
ఇరవయ్యారో ఏట జీతం తీసుకుని అడుగుతున్నాను.

గ్రావా ఆకుని మా పేటలో మందని ఎవరూ అనరు.
బార్లీతో తెల్లా కాచే కుండల్ని దానితో తోముతారు.
తోమిన చేతి చేదు
ఇంజెరా ముక్క దాకా వస్తుంది.
తోమని కుండలో తెల్లా విరిగిపోతుంది.
అక్కడే పుట్టింది నా అనుమానం:
కుండలో నిలవనివ్వనిది
చెంపలో నిలవనిస్తుందా?

శనివారం సంతలో యెషిహరెగ్ దగ్గర కొన్నాను.
నా ముఖం ఒకసారి చూసి
అడక్కుండానే ఇంకో గుప్పెడు వేసింది.
ఆ కొసరు నాకు గుచ్చుకుంది.

నీడలో ఎండబెట్టి, దంచి, జల్లించి,
ఒక రోజంతా నీళ్ళలో ఊపి, వడగట్టి,
బొట్టుబిళ్ళంత కాగితాలకి అద్ది
జాడీలో పెట్టాను.
గాలిని మింగే పొట్లం అడిస్ నుంచి రావాలి,
ఒక్కోటి నా రెండు రోజుల కూలి.
మూడు రోజులు తొంగి చూడకూడదు.

తెరిస్తే
బిళ్ళ అంచు దాకా పొగమంచు పట్టినట్టు పెరిగి ఉంది.
సున్నా.
మళ్ళీ సున్నా.
నాలుగో పొట్లం తర్వాత డాక్టర్ తెషాగర్
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు,
చాలించమనడం ఆయనకలా అలవాటు.

"నీ ఆకు అబద్ధం" అన్నాను సంతలో.
బేరమాడేవాళ్ళు ఇటు తిరిగారు.
"దేంట్లో నానేశావు?"
"నీళ్ళలో."
"నీళ్ళలో అని ఎవరన్నారు?
నీళ్ళు కుండకి.
ముఖానికైతే అరెకి సారాలో, మూడు రాత్రులు, మూతపెట్టి.
ఆకు అడిగావు, ఇచ్చాను.
ఎలాగో అడగలేదు.
చదువుకున్నదానివి కదా, తెలుసేమో అనుకున్నాను."

ఈసారి ఆల్కహాల్‌లో.
మూడు రాత్రులే, మాట తప్పకుండా.
సీసా అడుగున ముదురాకుపచ్చ జిగురు,
మా ముత్తవ్వ తలనూనెలా.
జాడీ తెరిచి
కిటికీ వెలుగుకి ఎత్తాను.
బిళ్ళ చుట్టూ ఖాళీ.
కడిగిన ముగ్గులేని వాకిలిలా, గుండ్రంగా.
స్కేలు చెప్పింది: పదమూడు మిల్లీమీటర్లు.

ఉత్త ఆల్కహాల్ అద్దిన బిళ్ళ చుట్టూ ఏమీ లేదు,
కనక ఇది సారా గొప్ప కాదు.
క్లిండామైసిన్ చుట్టూ ఇరవైతొమ్మిది,
కనక నేను అరవలేదు.
పైగా గాజుపళ్ళెం చెంప కాదు.
దానికి పరీక్షల ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం ఉండదు,
పెళ్ళి ఫొటోలో
పక్కకి తిరగడం ఉండదు.

నోటుపుస్తకంలో గళ్ళున్నాయి:
మొక్క, భాగం, కొన్న చోటు, ద్రావకం.
ఎలాగో చెప్పినవారికి గడి లేదు.
పెన్నుతో ఇంకో గీత గీసి
ఆమె పేరు రాశాను, వంకరగా, అంచు దాటి.

శనివారం వెళ్ళి చెప్పాను.
"పదమూడంటే ఎంత?"
బొటనవేలి గోరు చూపించాను.
గ్రావా కట్ట కిందపెట్టి
తన గోరు నా గోరు పక్కన పెట్టి చూసింది.
ఆకుపచ్చగా ఉంది ఆమెది,
నా దానికన్నా కొంచెం వెడల్పు.